తిరిగొచ్చిన తాడు

కొండ దిగొచ్చిన దగ్గర్నుంచీ పోలీసులు పట్టుకుపోయేదాకా గైడు ఎడం చేత్తోనే అన్నం తిన్నాడట. ఈ సంగతి వాళ్ళ ఎదురింటి ఇస్త్రీ ఆవిడ కిటికీలోంచి కళ్ళారా చూసి పాలాయనకు చెప్పిందట. పాలాయన రెండు వీధులు దాటొచ్చి, కూపీ అక్క ఇంట్లో కింది వాటాలో ఉండే పెద్దమ్మకు చెప్పాడట. పెద్దమ్మ మెట్లెక్కుతూనే సగం చెప్పేసి, పైకొచ్చాక మిగతా సగానికి తన వంతు మసాలా దట్టించింది.

"కుడిచెయ్యి జేబులోంచి బయటికి తియ్యలేదటే అమ్మాయ్! చొక్కా మార్చుకోవాలన్నా పెళ్ళాన్ని గదిలోంచి పొమ్మనేవాడట. మనిషిని చంపిన చెయ్యి కదా, పడిపోయిందంటున్నారు అందరూ. పైవాడు చూస్తూ ఊరుకుంటాడా?"

"పడిపోయిన చెయ్యి జేబులోకెలా వెళ్తుంది పెద్దమ్మా?" అంది కూపీ అక్క, చెప్పులు తొడుక్కుంటూ.

పెద్దమ్మ కాసేపు ఆలోచించింది. "ఎడం చేత్తో ఎత్తి పెట్టుకుంటాడేమోనే" అని, తన తెలివికి తనే మెచ్చుకుని మెట్లు దిగిపోయింది.

కూపీ అక్క అసలు పేరు పోస్టుమాన్‌కు తప్ప ఎవరికీ గుర్తులేదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో చెవికి గొట్టం తగిలించుకుని సగం జీవితం ఊరి మాటలు కలిపిన మనిషి. అవతలి గొంతు వింటే చాలు, ఆ మాట్లాడేవాడు కూర్చున్నాడో నిలబడ్డాడో, పక్కన పెళ్ళాం ఉందో లేదో చెప్పేసేది. ఉద్యోగం మానేశాక ఆ చెవినే నమ్ముకుని, పోలీసులు మూసేసిన కేసుల్లో కూపీలు లాగడం మొదలుపెట్టింది. పేరు అలా స్థిరపడిపోయింది.

చెయ్యి సంగతి గైడు భార్య తనకు చెప్పలేదు. నిన్న ఇదే గదిలో కూర్చుని ఇంకేదో చెప్పింది. "మా ఆయన చేతిలోంచి మనిషి జారడక్కా. నన్ను బస్సెక్కించేటప్పుడే, నేను సీట్లో కూర్చునేదాకా చెయ్యి వదలడు. కానీ తప్పు నాదేనని ఆయనే సంతకం పెట్టేశాడు. ఎందుకు పెట్టావయ్యా అంటే గోడకేసి చూస్తాడు. రేపు సాయంత్రం మేజిస్ట్రేటు గారి ముందు కూడా అదే చెప్తాడట. చెప్పేశాక ఇంక నేనెవర్ని అడగాలి?"

ఆ రేపు ఇవాళే. కూపీ అక్క చేతిలో ఉన్నది ఈ పగలు మాత్రమే.

జరిగిందని పోలీసులు రాసుకున్నది ఇదీ. శిఖరం ఎక్కి దిగుతున్నవాళ్ళు ముగ్గురు: గైడు, అతన్ని కుదుర్చుకుని ఎక్కిన మిల్లు యజమాని, ఆ యజమాని బావమరిది. దారిలో నిట్టనిలువు మంచుగోడ. గోడకు మధ్యలో ఇద్దరు నిలబడేపాటి అరుగు. గైడు గోడపైన మంచులో దిగ్గొట్టిన మేకుకు తనను కట్టుకుని కూర్చుని, ముందు బావమరిది నడుముకు తాడు కట్టి అరుగుమీదికి దింపాడు. తాడు పైకి లాక్కుని, తర్వాత యజమానిని దింపాడు. గోడ నడిమధ్యలో ఉబ్బెత్తుగా ఉండడంతో పైనుంచి చూస్తే అరుగు కనపడదు. భుజాలకు తగిలించుకున్న వైర్‌లెస్ సెట్లే వాళ్ళకు కళ్ళూ చెవులూ. ఉన్నట్టుండి సెట్టులో యజమాని గొంతు 'వదులు, వదులు' అంది. తాడు కాస్త వదులు చేయమని ఆయన అడిగితే, మొత్తం వదిలేయమన్నాడనుకుని గైడు చేతులు తీసేశాడు. యజమాని అరుగు దాటి లోయలోకి పోయాడు. శవం ఇంకా దొరకలేదు. బావమరిది అలాగే చెప్పాడు. గైడూ అలాగే చెప్పాడు. ఇద్దరి మాటా ఒకటయ్యేసరికి ఇన్‌స్పెక్టరు ఫైలు కట్టేసి దారంతో ముడేశాడు.

ఇద్దరు మనుషులు ఒకే సంగతిని ఒకే మాటల్లో చెప్తే కూపీ అక్కకు చెవి దురద పెడుతుంది. ఎక్స్ఛేంజీలో ఉన్నప్పట్నుంచీ ఆ అలవాటు.

*

కొండలెక్కించే కంపెనీ గోడౌను ఊరి చివర, లారీల షెడ్డు పక్కన ఉంది. లోపల దూలాలకు గుడారాలు తలకిందులుగా వేలాడుతున్నాయి. ముళ్ళ బూట్లు జతలు జతలుగా గోడవారన నిలబడ్డాయి. తడిసిన బట్టా, కిరసనాయిలూ కలిసిన వాసన. కంపెనీ నడిపే పెద్దమనిషిని అందరూ కెప్టెన్ అంటారు. ఎప్పుడో చలికి కాలివేళ్ళు పోగొట్టుకుని, మడమల మీద బాతులా నడుస్తూ ఎదురొచ్చాడు.

"పోలీసులు వచ్చి చూసుకుపోయారు అక్కయ్యగారూ. మళ్ళీ మీరేం చూస్తారు?"

"వాళ్ళు చూడనివి."

"వాళ్ళు అన్నీ చూశారండీ."

"అయితే వాళ్ళు చూసినవే చూపించండి. నాది చురుకైన కన్ను లెండి, తొందరగా అయిపోతుంది."

కెప్టెన్ మొహం మాడ్చుకుని పక్కకు జరిగాడు.

"ఆ రోజు యజమానిని దింపిన తాడేది?"

కొక్కానికి చుట్ట చుట్టి ఉన్న నీలం తాడు చూపించాడు. ఒక్కో జట్టుకు ఒక్కో రంగు, ఆ జట్టుది నీలం.

"జట్టుకు ఒకటే తాడా?"

"అంత పైకి ఒకటే. రెండోది ఎవరు మోస్తారండీ? ఊపిరే బరువనిపించే చోట."

"ఇక్కడికెలా వచ్చింది?"

"గైడు భుజానేసుకుని తెచ్చాడు."

కూపీ అక్క ఏదో అడగబోయి ఆగింది. కెప్టెన్ మొహంలోకి పరీక్షగా చూసింది. అతనికి తను చెప్పిన ముక్క ఎంత పెద్దదో తట్టలేదని అర్థమయింది. ఆ ముక్కను కొంగున ముడేసుకున్నట్టు లోపలే దాచుకుని, తాడు చుట్ట దించి నేలమీద చతికిలబడింది.

"దెబ్బ తగిలిందో లేదో మీరెలా చూస్తారు దీన్ని?"

"కళ్ళు మూసుకుని వేళ్ళ మధ్య లాగుతాం. దెబ్బతిన్నచోట మెత్తబడుతుంది. కంటికి ఆనదు, వేలికి ఆనుతుంది."

ఆమె కళ్ళు మూసుకుంది. తాడు బారలు బారలుగా వేళ్ళ మధ్యనుంచి పారింది. నున్నగా, చల్లగా, ఒకే తీరుగా. అలా ఎంతసేపు లాగిందో ఏమో, చివరి బార దగ్గర వేలు ఆగింది. ఏదో గరుకు. నేతలోకి దిగబడిపోయిన నూగులాంటిది. కళ్ళు తెరిచి తలుపు దగ్గర వెలుతురులోకి తీసుకెళ్ళింది. ఎర్రటి ఉన్ని. గోటితో గీరితే పోగులు పోగులుగా వచ్చింది. బారంతా ఉంది. కొసకంటా ఉంది. కొస మీద మరీ దట్టంగా ఉంది.

"ఈ ఎర్రదనం ఎవరిది?"

కెప్టెన్ గోడమీది ఫోటో చూపించాడు. కింది శిబిరంలో బయల్దేరేముందు తీసింది. గైడూ బావమరిదీ నల్లటి తోలు తొడుగులతో ఉన్నారు. మధ్యలో మిల్లు యజమాని, ఎర్ర ఉన్ని తొడుగులున్న చేతులు రెండూ పైకెత్తి, బహుమతి గెల్చుకున్న బడిపిల్లాడిలా నవ్వుతున్నాడు.

"వాళ్ళావిడ అల్లి ఇచ్చిందట. తోలువి వేసుకోండి సార్ అంటే వింటేనా! అయినా ఇందులో వింతేముందండీ? దిగేటప్పుడు తాడు పట్టుకుంటారు కదా, ఉన్ని అంటుకుంటుంది."

"ఎక్కడ పట్టుకుంటారు?"

"ఇదిగో, ఛాతీ ముందర."

"అప్పుడు కొస ఎక్కడుంటుంది?"

"నడుము దగ్గర ముడిలో..." అని కెప్టెన్ ఆగిపోయాడు.

"ముడిలో ఉన్న కొసను చేత్తో ఎలా పట్టుకుంటారు కెప్టెన్ గారూ?"

దూలం మీది గుడారం ఒకటి గాలికి టపటపలాడింది.

"అరుగుమీదికి దిగాక ముడి విప్పుకుంటారు కదా. ఎలా విప్పుకోవాలి?"

"ముందు అరుగు దగ్గరున్న మేకుకు నడుముపట్టీ తగిలించుకోవాలి. ఆ తర్వాతే ముడి విప్పాలి. అది మా దగ్గర మొట్టమొదటి పాఠమండీ. ముందు తగిలించు, తర్వాత విప్పు. నిద్రలో లేపి అడిగినా చెప్పాలి."

"సరే. ఆ సెట్టులో మాటలు రికార్డయ్యాయట. వినిపించండి."

కింది శిబిరంలో సెట్టు దగ్గర కూర్చునేవాడు వచ్చే మాటలన్నీ రికార్డు చేస్తాడు. కెప్టెన్ తన సెల్‌ఫోనులో అది పెట్టాడు. మొదట హోరుగాలి. బట్టకు బట్ట రాసుకున్న చప్పుడు. ఆయాసం. తర్వాత మాట. కూపీ అక్క ఫోను లాక్కుని చెవికి ఆనించుకుంది. మళ్ళీ పెట్టించింది. ఇంకోసారి పెట్టించింది.

"పోలీసులు రాసుకున్నది 'వదులు, వదులు' అని. అంతేనా?"

"అంతేనండీ."

"చివర్న ఇంకో ముక్క ఉంది."

"గాలండీ అది."

"గాలికి అక్షరాలొచ్చా?" ఫోను తిరిగిచ్చేసింది. "అది తర్వాత చూద్దాం. మీ కొండమీద తాడు కాస్త కావాలంటే ఏమని అరుస్తారు?"

"'తాడివ్వు' అని."

"'వదులు' అనరా?"

కెప్టెన్ నవ్వబోయాడు. నవ్వు సగంలో గడ్డకట్టింది. తను ఏం చెప్పబోతున్నాడో తనకే వినపడినట్టుంది.

"చెప్పండి."

"ఆ మాట మా దగ్గర నిషేధమండీ. వదులు అంటే సడలించమనా, విడిచేయమనా? పైనున్నవాడికి ఏది వినపడితే అది చేస్తాడు. అందుకే శిక్షణలో మొదటిరోజే ఆ మాట నోట్లోంచి పీకేస్తాం. పొరపాటున అన్నవాడు ఆ పూట అందరి గిన్నెలూ తోమాలి."

"మిల్లు యజమాని తోమాడా?"

"అబ్బో! మొదటి వారమంతా ఆయనే తోమాడు. అంత పెద్దమనిషి, గిన్నెల ముందు గొంతుక్కూర్చుని, మిల్లులో పనివాళ్ళు చూస్తే నా పరువేం గానూ అని నవ్వేవాడు. ఆ తర్వాత అలవాటు పడిపోయింది. ఎంత పడిపోయిందంటే బూటు తాడు బిగుసుకున్నా 'తాడివ్వు' అనేవాడు. అన్నం ఎక్కువ తినేసిన రోజున నడుముపట్టీతో కూడా అనేవాడు."

"బావమరిది ఎన్ని గిన్నెలు తోమాడు?"

కెప్టెన్ తల దించుకున్నాడు.

"శిక్షణకు రాలేదు కదూ?"

"చివర్లో సరాసరి కింది శిబిరానికొచ్చి కలిశాడండీ. తనకన్నీ వచ్చన్నాడు. వాళ్ళక్క, యజమానిగారి భార్య కూడా ఫోన్ చేసి చెప్పింది. పైగా రెండో మజిలీ నుంచీ బావా బావమరిదీ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు. ఒకే గుడారంలో కూడా పడుకోలేదు. ఎందుకో నాకు తెలీదు."

"ఇది ఇన్‌స్పెక్టరుకు చెప్పారా?"

"ఆయన అడగలేదు."

"అడగలేదని మీరు మింగేశారు."

"శిక్షణ లేనివాణ్ణి పైకెక్కించానని తెలిస్తే నా లైసెన్సు పోతుంది అక్కయ్యగారూ!"

"ఇక్కడ ఒకడి బతుకు పోతోంది." కూపీ అక్క లేచి చీర దులుపుకుంది. "ఆ బావమరిది ఇప్పుడెక్కడ?"

"శవాన్ని వెతకడానికి మళ్ళీ పైకి వెళ్ళాడు. బావ శవం లేకుండా అక్క మొహం చూడలేనని పట్టుబట్టాడు."

ఎందుకు పట్టుబట్టాడో కూపీ అక్కకు అర్థమైంది. ఆ శవం నడుముకు ముడి ఉండదు. ఉండాల్సిన చోట ముడి లేదని, దాన్ని ముందుగా చూసినవాడు ఎవడైనా చెప్పగలడు. అందుకే అందరికంటే ముందు చూడాలని వెళ్ళాడు.

"తాడు భుజానేసుకోండి. ఫోను జేబులో పెట్టుకోండి. స్టేషనుకు పోదాం పదండి."

*

ఇన్‌స్పెక్టరు కూపీ అక్కకు స్వయానా మేనత్త కొడుకు. చిన్నప్పుడు గోళీల దగ్గర మొదలైన పేచీ ఇద్దరికీ తల నెరిసినా తెగలేదు. భుజాన తాడుతో కెప్టెనూ, అతని ముందు చేతులూపుకుంటూ మరదలూ గుమ్మంలో కనపడేసరికి కుర్చీలో వెనక్కు వాలాడు.

"ఏం మరదలా, తాడు కూడా తెచ్చుకున్నావ్? నా మెడకా, నీ మెడకా?"

"నీ ఫైలు మెడకు బావా. దారం సరిపోయినట్టు లేదు."

గోడవారన బల్లమీద కూర్చున్న గైడు భార్య గబుక్కున లేచి నిలబడింది. కానిస్టేబుళ్ళు కిసుక్కున నవ్వారు. ఇన్‌స్పెక్టరు వాళ్ళవైపు చూసేసరికి నవ్వులు ఆగిపోయాయి.

"చూడమ్మా, నేరం చేసినవాడు ఒప్పుకున్నాడు. చూసినవాడు చెప్పాడు. సాయంత్రానికి మేజిస్ట్రేటు దగ్గర పని పూర్తవుతుంది. ఎక్స్ఛేంజీలో లైన్లు కలిపినట్టు ఇక్కడ కూడా నువ్వొచ్చి కలపక్కర్లేదు."

"నువ్వు కలిపిన లైను రాంగ్ నెంబరు బావా. గైడును బయటికి రప్పించు. అయిదు నిమిషాలు. తప్పని తేలితే ఇంకెప్పుడూ నీ గుమ్మం తొక్కను."

ఈ బేరం ఇన్‌స్పెక్టరుకు నచ్చింది. లాకప్ తలుపు తెరిపించాడు.

గైడు బక్కపల్చని మనిషి. ఎండకూ మంచుకూ కమిలిపోయిన మొహం. కుడిచెయ్యి జేబులో ఉంది. భార్యను చూశాడు, తాడును చూశాడు, చూపు నేలమీద పెట్టేసుకున్నాడు.

"చెయ్యి తియ్యి తమ్ముడూ" అంది కూపీ అక్క.

"వద్దక్కా."

"తియ్యమన్నానా!"

తియ్యలేదు. భార్య దగ్గరికొచ్చి, ఏమీ అనకుండా, పిల్లాడి చేతిలోంచి చాకు తీసుకున్నట్టు నెమ్మదిగా ఆ చెయ్యి జేబులోంచి బయటికి తీసింది. అరచేతికి చుట్టిన గుడ్డ విప్పింది. చూపుడువేలి మొదలు నుంచి మణికట్టు దాకా వాతపెట్టినట్టు ఒక చార. చర్మం లేచిపోయి పచ్చిగా ఉంది.

"అరె, ఇదేంటయ్యా?" ఇన్‌స్పెక్టరు ముందుకు వంగాడు.

"తాడు రాసుకుంటూ పోయిన గుర్తు" అంది కూపీ అక్క. "చేతులు తీసేసినవాడికి ఇది పడదు బావా. పట్టుకున్నవాడికి పడుతుంది."

"తీసేసి మళ్ళీ పట్టుకున్నాడేమో."

"సరే, అనుకుందాం. యజమాని ఇంకా తాడుకు కట్టి ఉండగానే ఇతను చేతులు తీసేశాడు. యజమాని లోయలోకి పోయాడు. మరి తాడేమైంది?"

"ఆయనతో పాటే పోయుంటుంది."

"కెప్టెన్ గారి భుజం మీదున్నదేమిటి?"

ఇన్‌స్పెక్టరు తాడును చూశాడు. కెప్టెన్ కూడా తన భుజాన్నే కొత్తగా చూసుకున్నాడు.

"జట్టుకు ఒకటే తాడు. ఆయన నడుముకు కట్టిన తాడు ఆయనతో లోయలోకి పోతే, గోడమీద మిగిలిన వీళ్ళిద్దరూ దేన్ని పట్టుకుని దిగొచ్చారు? నీ మీసాలు పట్టుకునా?"

ఈసారి కానిస్టేబుళ్ళెవరూ నవ్వలేదు.

"తాడు తెగలేదు, పోలేదు. కొసకంటా ఉంది. ఆ కొసమీద ఆయన ఎర్ర ఉన్ని తొడుగుల నూగుంది, చూడు. ముడి వేసున్నప్పుడు కొస చేతికి దొరకదు. అంటే అప్పటికి ముడి లేదు. ఆయన అరుగుమీదికి క్షేమంగానే దిగాడు. అక్కడ ఒకడు కాచుకుని ఉన్నాడు. మేకుకు తగిలించకముందే ముడి విప్పేశాడు. తోశాడు. పోతూ పోతూ ఆయన రెండు చేతులతో తాడు కొస దొరకబుచ్చుకున్నాడు. పైన ఇతని అరచేతిలోంచి తాడు సర్రున జారింది. ఇతను బిగించి పట్టాడు. పట్టి ఆపాడు. కానీ కింద ఆయన చేతులకున్నవి ఉన్ని తొడుగులు, తాడు మీంచి జారిపోయాయి."

గైడు భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గైడు కళ్ళు మూసుకున్నాడు. అతని గాయపడ్డ చెయ్యి, ఎవరూ చెప్పకుండానే, పిడికిలిగా బిగుసుకుంది.

"ఊహలు, అన్నీ ఊహలు" అన్నాడు ఇన్‌స్పెక్టరు. గొంతులో మునుపటి బిగి లేదు. "సెట్టులో ఆయనే కదా వదులు వదులు అని అడిగింది!"

"ఆ కంపెనీలో తాడు కావాలంటే 'తాడివ్వు' అంటారు. 'వదులు' అంటే గిన్నెలు తోమిస్తారు. అడుగు ఈయన్ని. తోమి తోమి యజమానికి ఆ మాట నోట్లోంచి పోయింది. అది తెలియంది శిక్షణకు డుమ్మా కొట్టినవాడికొక్కడికే. సెట్టులో పడిన మాట ఎలాగూ అందరూ విన్నారు కదా అని, దానికి తాడు అర్థం కట్టి నీకు అమ్మేశాడు. నువ్వు కొనేశావ్."

"మరి వదులు అన్నది దేనికి?"

"నన్ను వదులు అని. పెనుగులాటలో సెట్టు మీట నొక్కుకుపోయుంటుంది. కెప్టెన్ గారూ, పెట్టండి. బావా, చివరి ముక్క విను."

ఫోను బల్లమీద పెట్టారు. గాలి హోరు. రాపిడి. ఆయాసం. 'వదులు... వదులు...' తర్వాత గాలిలో సగం కొట్టుకుపోయిన ముక్క. ఇన్‌స్పెక్టరు చెవి దగ్గర పెట్టుకున్నాడు. మళ్ళీ విన్నాడు.

"వదలరా" అన్నాడు నెమ్మదిగా.

"వదలరా. కెప్టెన్ గారూ, యజమాని గైడును ఏమని పిలిచేవాడు?"

"'గురువుగారూ' అనేవాడండీ. కొండమీద నా ప్రాణం ఈయన చేతిలో ఉంది, వయసుదేముంది అనేవాడు. మీరు అనే మాట తప్ప నోట్లోంచి వచ్చేది కాదు."

"గురువుగార్ని రా అనడు కదా బావా. ఆ మంచుగోడ మీద ఆయన రా అని పిలిచే మనిషి ఒక్కడే ఉన్నాడు. పెళ్ళాం తమ్ముడు."

ఇన్‌స్పెక్టరు టోపీ తీసి బల్లమీద పెట్టాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఎందుకు చంపాడు?"

"అది నాకింకా తెలీదు. ఎలా చంపాడో తెలిసింది. అది చాలు, ముందు ఈ కుర్రాణ్ణి మేజిస్ట్రేటు దగ్గరికి పంపకు. ఆ బావమరిది పైనున్నాడు. శవాన్ని వాడు ముందు చేరుకుంటే నడుముపట్టీకి ఇంకో తాడు ముక్క కట్టేస్తాడు. తర్వాత నువ్వూ నేనూ ఎంత మొత్తుకున్నా అంతే. తొందరపడాలి."

"అక్కా!" గైడు మొదటిసారి గట్టిగా మాట్లాడాడు. "అక్కా, ఇక్కడితో ఆపండి. నేను రాసిచ్చిందే ఉండనివ్వండి. రెండ్రోజులు. రెండ్రోజులు ఆగండి చాలు."

"ఎందుకయ్యా ఆగడం? నీ నోటితో ఒక్కమాట చెప్తే ఇవాళే ఇంటికి పోతావు."

"సార్, మీరైనా ఆగండి" అని అతను ఇన్‌స్పెక్టరు వైపు తిరిగాడు. కుర్చీ ఖాళీగా ఉంది. మరదలు విప్పిన ముడిని పైవాళ్ళ దగ్గర తనే విప్పినట్టు చెప్పుకోవాలంటే ఎక్కడా ఆలస్యం చేయకూడదని ఇన్‌స్పెక్టరుకు ఎవరూ చెప్పక్కర్లేదు. పక్కగదిలో అతని గొంతు వినపడుతూనే ఉంది: హలో, హలో, కింది శిబిరమేనా, గట్టిగా మాట్లాడండి.

కూపీ అక్క గైడు భుజం తట్టింది. "భయపడకు. నిన్నెవరో బెదిరించారని నాకర్థమైంది. ఇంక వాడి పప్పులుడకవు."

గైడు ఆమెకేసి చూసిన చూపులో కృతజ్ఞత లేదు. ఆ చూపు ఆమెకు అంతుబట్టలేదు. పాతికేళ్ళు గొంతులు చదివిన మనిషే, ఎదురుగా ఉన్న మొహం చదవలేకపోయింది.

ఇన్‌స్పెక్టరు మీసం సవరించుకుంటూ వచ్చాడు.

"అయిపోయింది. శిబిరం వాడికి చెప్పాను. నేను లైనులో ఉండగానే వాడు సెట్టులో పైకి చెప్పేశాడు. 'యజమానిని తోసింది బావమరిదే, పోలీసులకు తెలిసిపోయింది, కదలకుండా పట్టుకోండి' అని. నా చెవులతో విన్నాను. చూశావా మరదలా, మా డిపార్టుమెంటంటే ఇదీ."

"ఏ సెట్టులో?" అన్నాడు గైడు.

"ఏ సెట్టేమిటయ్యా? ఉన్న సెట్టులో."

"కొండమీద అన్ని సెట్లకూ ఒకటే లైను సార్. ఒకళ్ళకు చెప్పింది అందరికీ వినపడుతుంది. ఆయన భుజానికీ ఒకటుంది."

కూపీ అక్క నుదురు కొట్టుకుంది. లైన్ల సంగతి ఆ గదిలో అందరికంటే ముందు తట్టాల్సింది తనకే.

"విననీవయ్యా" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "అంత ఎత్తు నుంచి ఎక్కడికి పారిపోతాడు? పక్కన గైడు ఉంటాడు కదా, పట్టుకుంటాడు. ఏం కెప్టెన్, ఎవడా గైడు? గట్టివాడేనా?"

కెప్టెన్ తల ఎత్తలేదు. అతని చేతులు భుజం మీది తాడును నిమురుతున్నాయి. ఇది కూడా ఎవరూ అడగని సంగతే.

"మా చెల్లెలు" అన్నాడు గైడు. "ఆయన తాడుకే కట్టుకునుంది."